పెరటి తొట్టిలో తుంగ: కాలవలు కట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా

ఏప్రిల్ ఆఖరు, భరణి కార్తె

దాళ్వా (రెండో పంట) కోతలైపోయాయి, ధవళేశ్వరం దగ్గర కాలవలకి నీళ్ళు కట్టేశారు, మా ఊరి పంట కాలవలో ఇప్పుడు చీలమండ లోతు నీళ్ళు కూడా లేవు, అడుగునున్న నల్ల ఒండ్రు బయటపడి పైన పెచ్చులు కడుతోంది. నేను మొదలుపెట్టబోయే పనికి ఏడాది మొత్తంలో ఇదే సరైన టైము, ఎందుకో కింద వస్తుంది.

పని ఏంటంటే, మా పెరట్లో ఎప్పుడో చేపపిల్ల ఆపడానికి కట్టించిన ఇటుకల తొట్టి ఒకటి ఖాళీగా పడుంది, 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. ఇంకెవరైనా అయితే తామరో కలువో వేస్తారు. నాకేమో దాన్ని పూర్తిగా మన డెల్టా తుంగలతో నింపాలని ఉంది, అంటే కాలవ గట్ల మీద, చెరువు వారన, వరి చేలో ఎవరూ నాటకుండా వాటంతట అవే వచ్చే రకాలు. మండపేట దగ్గర మాది, కడియం ఎంతో దూరం లేదు, కడియంలో దొరకని మొక్క ఉండదంటారు కదా అని ముందు అక్కడికే వెళ్ళా. ఈజిప్టు పాపిరస్ ఉంది, అంబ్రెల్లా పామ్ అని పిలిచేది వరసలు వరసలుగా ఉంది (అది పామ్ కాదు, ఆఫ్రికా, మడగాస్కర్ వైపు తుంగే), మన కాలవ తుంగ మాత్రం ఎక్కడా లేదు. అడిగితే నర్సరీ ఆయన నవ్వి "దాన్ని పీకడానికి మేం మనుషుల్ని పెట్టుకుంటన్నామండీ, మీరు డబ్బులిచ్చి కొంటానంటారేంటండీ" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే అమ్మదీ అదే మాట, "ఊరంతా తుంగ పీకించుకుంటుంటే నువ్వు తొట్టిలో పెంచుతావేంట్రా, జనం నవ్వుతారు".

నవ్వితే నవ్వనీ. కానీ ఈ మొక్కని ఎలా పెంచాలో చెప్పేవాళ్ళు నాకు ఒక్కరూ దొరకలేదు, ఎలా చంపాలో మాత్రం మా ఊళ్ళో ప్రతి రైతుకీ నోటికొచ్చు. మా బాబాయ్ని కూర్చోబెట్టి అడిగా, చేలో తుంగ ఎప్పుడు ఎక్కువ లేస్తుంది బాబాయ్ అని. "నాటేశాక రెండంగుళాల నీళ్ళు కదలకుండా నిలబెట్టావనుకో, తుంగ లేవదురా. చేను ఒక్కసారి ఆరిందా, మెరక ఉన్నచోటల్లా లేచిపోద్ది. దమ్ము సరిగ్గా చెయ్యకపోయినా అంతే, మట్టం సమంగా తోలకపోయినా అంతే. ఇంక వెదజల్లిన చేనంటావా, దాని సంగతి చెప్పక్కర్లేదు." అదంతా ఒక కాయితం మీద రాసుకుని తిరగేస్తే నా సాగు పద్ధతి తయారైపోయింది: మొలిచేదాకా నీళ్ళు నిలపకూడదు, బురద తడి ఆరకూడదు, ఎండ తగలాలి, విత్తనం మీద మట్టి కప్పకూడదు. చేలో వచ్చే తుంగల గింజ చాలా సన్నం, చాలా రకాలకి వెలుతురు తగిలితేగానీ మొలక రాదు, మీద నీళ్ళు నిలిచి ఉంటే చాలావరకు లేవదు. వెదజల్లిన చేలో మొదటి రోజుల్లో నీళ్ళు నిలపరు కాబట్టి అక్కడ తుంగకి పండగ.

మే, కృత్తిక కార్తె

విత్తనం ఎక్కడిది అంటే, కాలవ అడుగుదే. ఎన్నేళ్ళ గింజలో ఆ ఒండ్రులో నిద్రపోతూ ఉంటాయి, నీళ్ళు తీసి వెలుతురు తగిలితే లేస్తాయి. సహజమైన చెరువైతే ఎండాకాలం తగ్గిపోయి వారన బురద బయటపడుతుంది, అప్పుడు మొలుస్తాయి. మన డెల్టాలో 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలవల నీళ్ళు మనిషి చేతిలోకి వచ్చాయి, ఇప్పుడు ఎండాకాలం మరమ్మతులకి కట్టడం, సార్వాకి (తొలి పంటకి) వదలడం అంతా లెక్క ప్రకారం, తుంగలకి మాత్రం ఆ కట్టేసిన నెలన్నరే మొలకల సీజన్. అందుకే ఇప్పుడు మొదలుపెట్టా.

పూడిక తీసి గట్టు మీద పోసిన కుప్పల పైనుంచి కొంత తీసుకున్నా, కాలవని కొత్తగా తవ్వింది లేదు. కుప్ప లోపలి మట్టి పనికిరాదు, గింజలు ఎక్కువగా పైపొర రెండు అంగుళాల్లోనే ఉంటాయి కాబట్టి ఇంకా తీయని చోట అడుగు మీద పలచగా గీరుకొచ్చిందే మంచి సరుకు. ఒకే చోట కాకుండా మలుపు దగ్గర కొంచెం, తూము కింద కొంచెం, గేదెలు దిగే రేవులో కొంచెం, మా చేలో కుంట అంచున కొంచెం, అన్నీ వేరువేరు సంచుల్లో. మురుగు కాలవ జోలికి వెళ్ళొద్దు, దాంట్లో ప్లాస్టిక్, డ్రైనేజీ బురద, పైగా గుర్రపుడెక్క గింజలు ఏళ్ళ తరబడి బతికుంటాయి.

ఇక్కడొక మాట, ఎవరైనా ఇది చూసి కొల్లేరు వెళ్ళి తవ్వుకొద్దాం అనుకుంటారేమో. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ సైటు (అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల) కూడా అయ్యింది, అక్కడ మొక్క పీకడం నేరం. కోరంగి మడ అడవీ అంతే. మన చేను గట్టు మీద ఉన్నదే మనకి ఎక్కువ.

మట్టిలో వేర్లు, నత్త గుల్లలు, గాజు పెంకులు ఏరేసి, ప్లాస్టిక్ ట్రేల్లో అడుగున ఇసుక, దాని మీద ఒక వేలు మందాన ఈ ఒండ్రు పలచగా పరిచా. ఒక ట్రేలో మాత్రం సగానికి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టా, బాబాయ్ మాట నిజమో కాదో చూద్దామని. పైన కోళ్ళు గీరకుండా పాత దోమతెర.

మే ఆఖరు, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండలు. పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి లేవు, ట్రేలకి రోజుకి రెండుసార్లు తడి కావాలి. కానీ మొలకలు బ్రహ్మాండం. తడి ట్రేల్లో పచ్చటి సూదులు ఒత్తుగా లేచాయి, నీళ్ళు నిలబెట్టిన సగంలో ఎక్కడో ఒకటీ అరా. బాబాయ్‌కి చూపిస్తే "మరి నేను చెప్పిందేంటి" అన్నాడు, ఇంతకంటే ఆయన దగ్గర్నుంచి సర్టిఫికెట్ రాదు.

గొడవంతా గుర్తుపట్టడంలో. మొలక మీద తుంగ, ఊద గడ్డి, వరి అన్నీ ఒకటే. మూడు నాలుగు ఆకులు వచ్చేదాకా ఆగాలి, ఊదకీ వరికీ ఆకులు రెండు వైపులకే వస్తాయి, తుంగకి మూడు వైపులకి వస్తాయి, పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. కొంచెం పెద్దయ్యాక కాడని వేళ్ళ మధ్య దొర్లిస్తే ఇంకా సులువు, తుంగ కాడ మూడు పలకలు, దొర్లదు, కణుపులు ఉండవు. గడ్డి కాడ గుండ్రం, కణుపులు చేతికి తగుల్తాయి. మూడు పలకల రూలుకి కూడా ఎదురు తిరిగేవి ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

వచ్చినవాటిలో మూడు రకాలు చేలో కలుపుగా అందరూ చూసినవే. సైపరస్ డిఫార్మిస్, గుండ్రటి ఉండల్లాంటి పూల గుత్తి, నెల నెలన్నరలో పూతకొచ్చి గింజ రాల్చి చచ్చిపోయే రకం. సైపరస్ ఇరియా, దానికి కంకులు పలచగా, పసుపు రంగులో విచ్చుకుని ఉంటాయి. ఇంకోటి ఫింబ్రిస్టైలిస్, దీని మొదలు పట్టుకు చూస్తే బల్లపరుపుగా నొక్కేసినట్టు ఉంటుంది, పైన సన్న కాడల మీద చిన్న చిన్న గోధుమరంగు గుండ్లు. మా కుంట మట్టి ట్రేలో మాత్రం వేరే ఏదో లేస్తోంది, ఆకే లేదు, మెత్తటి కాడ ఒక్కటే. దాన్ని అలా వదిలేశా.

గుర్రపుడెక్క మొలకలు కూడా ఒక ట్రేలో వచ్చాయి. పీకి డాబా మీద సిమెంటు మీద పడేశా, పూర్తిగా ఎండి కాయితంలా అయ్యేదాకా. కాలవలో పారెయ్యడం మాత్రం చెయ్యకూడదు.

జూన్, మృగశిర

కాలవలు వదిలారు. తొట్టి పని.

ఈ తోటలో అసలు సామాను మొక్కలు కాదు, ఒక పీవీసీ ఎల్బో. తొట్టి అడుగున పాత తూము కన్నం ఉంది, దానికి లోపలి నుంచి ఎల్బో బిగించి దాంట్లో నిలువు పైపు పెట్టా, ఎల్బో తిరిగేలా గమ్ వెయ్యకుండా బిర్రుగా మాత్రమే దూర్చా. పైపు నిటారుగా ఉంటే తొట్టి నిండా నీళ్ళు, పక్కకి వంచే కొద్దీ నీటి మట్టం దిగిపోతుంది, పూర్తిగా పడుకోబెడితే తొట్టి ఖాళీ. ప్లంబర్ ఆ గమ్ వెయ్యని జాయింటు చూసి చాలా బాధపడ్డాడు. చుక్క చుక్క కారుతుంది, కారనీ, దాని కింద అరటి చెట్టుంది.

లోపల పాత ఇటుకలతో మూడు మెట్లు కట్టా, సిమెంటు లేకుండా ఊరికే పేర్చి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు పై మెట్టు మీద బురద మట్టం, అంటే మట్టి తడిగా ఉంటుంది గానీ మీద నీళ్ళు ఉండవు. రెండో మెట్టు మీద నాలుగంగుళాలు. మూడో దాని మీద ఎనిమిది. మిగిలిన అడుగు భాగం అడుగున్నర లోతు, చేపలకీ కప్పలకీ.

మట్టి గురించి: ఎరువు వద్దు, పశువుల పెంట వద్దు, వర్మీ కంపోస్టు అసలే వద్దు, కోకోపీట్ అయితే పైకి తేలిపోతుంది. నీళ్ళలో పెంట వేస్తే ముందు నాచు పెరుగుతుంది, తర్వాత మట్టి కుళ్ళి వాసన. బంకమట్టిలో నాలుగో వంతు ఇసుక కలిపా, అంతే, పైన అంగుళం మందం గోదావరి ఇసుక. పాత పెయింటు బకెట్లకి పక్కల కన్నాలు పొడిచి వాటిలో నాటా. పాకే రకాలకి మాత్రం కన్నాల్లేని బకెట్టు.

పెద్ద మొక్క కోసం కాలవ గట్టు మీద నుంచి సైపరస్ ఎగ్జాల్టేటస్ దుబ్బు ఒకటి గునపంతో చీల్చి తెచ్చా. మనిషి ఎత్తు దాకా పెరుగుతుంది, పైన పెద్ద పెద్ద కంకులు కాస్త బంగారు రంగులో వంగి ఉంటాయి, రోడ్డు పక్క కాలవల్లో అందరూ చూసి ఉంటారు గానీ ఎవరూ ఆగి చూడరు. నా దృష్టిలో కడియం పాపిరస్ కంటే ఇదే అందం, అదీ కాకుండా దుబ్బు కట్టి ఉన్నచోటే ఉంటుంది. నాటేముందు ఆకు మూడో వంతు కోసెయ్యాలి, లేకపోతే వేరు పట్టేలోపు నీరు చాలక వాడిపోతుంది.

ఎలియోకారిస్ డల్సిస్ గడ్డలు చెరువు ఎండినప్పుడే బురదలోంచి ఏరి దాచా. చిన్నవి, నల్లవి. ఫ్రైడ్ రైస్‌లో చైనావాళ్ళు వేసే కరకరలాడే వాటర్ చెస్ట్‌నట్ ఇదే మొక్కలో పెద్ద గడ్డ ఊరేలా పెంచుకున్న రకం. దీనికి ఆకులే ఉండవు, ఉల్లికాడ లాంటి బోలు కాడలు, పలకలు లేవు, లోపల అడ్డంగా గదులు గదులుగా పొరలు, వేళ్ళతో నొక్కుకుంటూ పోతే ఫట్ ఫట్‌మని పేల్తాయి. ఇది పాకుతుంది, కాబట్టి కన్నాల్లేని బకెట్టులో, ఎనిమిదంగుళాల మెట్టు మీద.

పెట్టకూడదనుకున్నవి కూడా రాస్తా. ఆక్టినోసిర్పస్ గ్రోసస్ అని ఆరడుగుల మూడు పలకల తుంగ ఉంది, గంభీరంగా ఉంటుంది, కానీ గడ్డలు వేసుకుంటూ తొట్టి మొత్తం తినేస్తుంది. జమ్ము, కిక్కిస తుంగలు కావు, అయినా అందరూ తెచ్చి పెడతారు, పెట్టాక ఇంక వేరే మొక్కకి చోటుండదు. మామూలు తుంగముస్త, అదే ఆయుర్వేదం షాపుల్లో గడ్డలు ఎండబెట్టి అమ్మేది, అది మెట్ట మొక్క, నీటి తొట్టికి పనికిరాదు, బయట పూల కుండీల్లోకి వెళ్ళిందంటే తవ్వేకొద్దీ గడ్డల గొలుసు తెగి, తెగిన ప్రతి ముక్కా కొత్త మొక్క.

జులై

నాచు. ఊహించిందే, కొత్త తొట్టి ప్రతిదీ మొదటి నెల ఆకుపచ్చ చారు. పక్కింటివాళ్ళు బ్లీచింగ్ వెయ్యమన్నారు, అమ్మ నీళ్ళు మార్చమంది. రెండూ చెయ్యలేదు, నీళ్ళు మారిస్తే కొత్త నీళ్ళతో కొత్త పోషకాలు వస్తాయి, మళ్ళీ నాచు. తీగ నాచు మాత్రం పుల్లకి చుట్టి లాగేశా. మొక్కలు వేరు పట్టాక నీళ్ళలో ఉన్న నత్రజని అవి లాక్కుంటాయి, నాచుకి తిండి తగ్గుతుంది. నెలాఖరుకి తొట్టి అడుగు కనపడుతోంది.

ట్రేల్లోంచి చిన్న తుంగలు పై మెట్టు మీదకి మార్చా.

ఆగస్టు

ఇంక దోమల గురించి, ఇంట్లో అందరి అభ్యంతరం అదే. గంబూసియా చేపలు తెచ్చి వెయ్యమని సలహా, అది అమెరికా చేప, దోమ పిల్లల్నే కాదు కప్ప పిల్లల్ని, మన చేపల గుడ్లనీ తింటుంది. కాలవలు వదిలాక తూము దగ్గర తువ్వాలుతో దేవితే పరిగెలు వచ్చాయి, వాటితో పాటు తల మీద తెల్ల చుక్క మెరుస్తూ నీటి పైపైనే తిరిగే సన్న చేపలు కూడా, అక్వేరియం వాళ్ళు పాంచాక్స్ అంటారు. ఆ పైపైన తిరిగేదే దోమ పిల్లకి యముడు. గడ్డి చేప వెయ్యకూడదు, పేరులోనే ఉంది, తుంగంతా భోజనం. బంగారుతీగ కూడా వద్దు, బురద తవ్వి మొక్కల్ని లేపేస్తుంది.

ఇంకో విషయం, డెల్టాలో ఉండేవాళ్ళకి మాత్రమే పనికొచ్చేది. నాట్లేసిన రెండు మూడు వారాలకి చేలల్లో కలుపు మందు కొడతారు, బిస్‌పైరిబాక్ సోడియం, టూ ఫోర్ డీ లాంటివి, తుంగని చంపడం వాటి డ్యూటీల్లో ఒకటి. ఆ టైములో చేల నుంచి దిగిన నీళ్ళు తొట్టిలోకి ఎత్తి పోసుకుంటే మన తుంగ వాటికి తెలీదు కదా పెంపుడుదని. ఆగస్టు మొత్తం కాలవ నీళ్ళు బంద్, డాబా మీద వాన నీళ్ళే పైపు పెట్టి తొట్టిలోకి వదిలా. పక్క చేను గాలివాటు మా వైపు ఉన్న రోజు మందు కొడుతుంటే తాటాకులు అడ్డం పెట్టాం.

కుంట మట్టి ట్రేలో వచ్చిన మెత్తటి కాడ మొక్క పూసింది! షీనోప్లెక్టియెల్లా ఆర్టిక్యులేటా. పూల గుత్తి కాడ చివర ఉండాలి కదా, దీనికి మధ్యలో, ఇంకా చెప్పాలంటే సగం కంటే కిందే, పక్కకి అతికించినట్టు గోధుమరంగు ముద్ద. పైకి కాడ లాగా కనపడేది నిజానికి పూల కింద ఉండే ఆకే, అది కాడకి తిన్నగా పైకి పెరుగుతుంది కాబట్టి పువ్వు పక్కకి జరిగినట్టు కనపడుతుంది. ఈ తొట్టి మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇది, వచ్చినవాళ్ళెవరూ పట్టించుకోనిదీ ఇదే.

సెప్టెంబరు, పుబ్బ వెళ్ళి ఉత్తర

నేను ఊళ్ళో లేనప్పుడు మా పెరట్లో గేదెలకి గడ్డి కోసుకెళ్ళే ఆయన వచ్చి ఎగ్జాల్టేటస్ దుబ్బుని మొదలంటా కోసేశాడు. "తొట్టిలో కలుపు పెరిగిపోయిందండీ, కోసేశా" అని చెప్పాడట, అమ్మ మజ్జిగ కూడా ఇచ్చిందట. కోస్తే కోశాడు, తుంగ మళ్ళీ లేస్తుంది, కానీ నీటి మట్టానికి కోశాడు, ఆ రాత్రే వాన, పైపు నోట్లో ఆకులు అడ్డం పడి మట్టం మూడంగుళాలు పెరిగింది, మోళ్ళన్నీ మునిగాయి. నేను వచ్చేసరికి దుబ్బులో సగం పైనే కుళ్ళిపోయింది.

ఎందుకలా అవుతుందో కుళ్ళిన మోడుని కోసి చూస్తే తెలుస్తుంది. కాడ అడ్డంగా కోస్తే లోపలంతా కన్నాలు, గాలి గొట్టాలు. బురదలో ఆక్సిజన్ ఉండదు, వేర్లకి కావలసిన గాలి ఈ గొట్టాల్లోంచి పైనుంచి కిందకి దిగుతుంది. కోసిన కాడ కూడా నీటి పైన ఉంటే గొట్టం తెరిచే ఉంటుంది, మునిగితే గాలి ఆగిపోతుంది, మొక్క ఊపిరాడక చస్తుంది. బాబాయ్ ఇది విని "చెరువులో జమ్ముని చంపేది అలాగే కదరా, నీళ్ళ కింద కోసి వదిలేస్తాం" అన్నాడు. మళ్ళీ అదే, చంపే పద్ధతిలోంచే పెంచే పద్ధతి. కాబట్టి కత్తిరించేటప్పుడు నీటి పైన జానెడు కాడ వదలాలి, వానలు తగ్గేదాకా అసలు కత్తిరించకపోతే ఇంకా మంచిది.

దుబ్బు బయటికి తీసినప్పుడు ఇంకోటి చూశా. మట్టి నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన, కానీ బతికున్న వేర్ల చుట్టూ మాత్రం తుప్పు రంగు పూత. వేర్లలోంచి బయటికి లీకయ్యే ఆక్సిజన్ మట్టిలో ఇనుముని తుప్పు పట్టిస్తుంది, అదే ఆ ఎర్రటి పూత. వరి వేర్లకీ ఉంటుంది, ఈసారి చేలో మొక్క పీకినప్పుడు కడగకుండా చూడండి. చచ్చిన వేర్లకి కొత్తగా పూత కట్టదు, నల్లబడి జారుగా అయిపోయి ఉంటాయి, దుబ్బులో ఏ ముక్క బతికుందో దాన్ని బట్టే ఏరి మళ్ళీ నాటా.

పైపు మూతికి ఉల్లిపాయల సంచి జాలీ కట్టా, ఆకులు పోకుండా.

అక్టోబరు ఆఖరు, స్వాతి

వాయుగుండం, వారం వాన. ఎల్బో పక్కకి వంచి వదిలేశా, మట్టం ఎక్కడిదక్కడే ఉంది. గాలికి ఎగ్జాల్టేటస్ మిగిలిన కాడలు పడుకున్నాయి, లేపి కట్టలేదు, కంకులు నీళ్ళమీద రాలితే రాలనీ. డల్సిస్‌కి గాలి వాన అంటే లెక్కే లేదు, అన్నీ ఒకవైపు వంగి మళ్ళీ లేచాయి.

నీరుకట్టు పాము ఒకటి వచ్చింది. విషం లేనిదే, కప్పల కోసం. అమ్మ ఒప్పుకోదు కాబట్టి పెరటి గుమ్మానికీ తొట్టికీ మధ్య కంకర పరిచి గడ్డి లేకుండా చేశాం, రాత్రి అటు వెళ్తే లైటు వేసుకోవాలని రూలు. నీటి తోట పెట్టాలనుకునేవాళ్ళు ఇంట్లోవాళ్ళతో ఈ సంగతి ముందే మాట్లాడుకోండి, కప్పలు వచ్చాక పాము రావడం ఆగదు.

డిసెంబరు

చలి మొదలయ్యాక ఏది ఎలా ఉందో రాసుకుంటున్నా.

డిఫార్మిస్, ఇరియా, ఫింబ్రిస్టైలిస్ గింజ రాల్చి ఎండిపోయాయి, అవి ఏడాది మొక్కలే, బాధపడక్కర్లేదు. ఎండిన మొక్కల్ని పీకెయ్యకుండా వదిలేశా, పొద్దున్నే మునియా పిట్టలు గుంపుగా వచ్చి ఫింబ్రిస్టైలిస్ గింజల కోసం కాడల మీద వేలాడతాయి, కాడ వాటి బరువు ఆపలేక వంగుతుంది, ఎగురుతాయి, మళ్ళీ వస్తాయి. ఎగ్జాల్టేటస్ తిరిగి నడుమెత్తు అయ్యింది. డల్సిస్ బకెట్టు పూర్తిగా నిండి కాడలు పసుపెక్కాయి, అంటే కింద గడ్డలు ఊరుతున్నట్టు. ఆర్టిక్యులేటా బాగానే ఉంది గానీ పై మెట్టు మీద పెట్టినవి చిన్నగా, నాలుగంగుళాల నీళ్ళలో పెట్టినవి రెట్టింపు, తర్వాత ఏడాది అన్నీ రెండో మెట్టుకే.

కాడల మీద తూనీగ పెంకులు బోలెడు. తూనీగ పిల్ల నీళ్ళలో పెరిగి, టైమొచ్చాక ఏదైనా కాడ పట్టుకుని పైకెక్కి పెంకు విడిచి ఎగిరిపోతుంది. తామరాకు మీద కూడా ఎక్కొచ్చు గానీ వాటికి నిటారు కాడలు బాగా పనికొస్తాయి, నేను చూసిన పెంకుల్లో ఎక్కువ భాగం డల్సిస్ కాడల మీదే ఉన్నాయి. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల దోమ పిల్లల్ని కూడా తింటుంది, ఈ మాట అమ్మకి రెండుమూడుసార్లు వినపడేలా చెప్పా.

ఇప్పటిదాకా ఖర్చు పైపు, ఎల్బో, ప్లంబర్ కూలి, ట్రేలు, ఇసుక. మొక్కల మీద పైసా లేదు.

జనవరి, సంక్రాంతి ముందు

దాళ్వా నారుమళ్ళు పడ్డాయి, మళ్ళీ అందరూ తుంగ పీకే సీజన్.

ఏప్రిల్లో కాలవలు కట్టగానే నేను కూడా పైపు కొంచెం కొంచెంగా వంచి తొట్టి మెల్లగా దించేస్తా, ఒక్కసారిగా కాదు, వారానికి రెండంగుళాల చొప్పున. అప్పుడు పై మెట్టు బురదలో ఈ ఏడాది రాలిన గింజలు మొలుస్తాయి. చేపల కోసం అడుగున అడుగు నీళ్ళు ఉంచాలి. డల్సిస్ గడ్డలు అప్పుడే తవ్వి, మంచివి నాలుగు దాచి, మిగతావి ఉడకబెట్టి చూద్దాం, అడవి రకం కాబట్టి గడ్డ కంటే తొక్కే ఎక్కువ ఉంటుందేమో.

కొత్తగా పెట్టాలనుకుంటున్నది చాప తుంగ, సైపరస్ పంగోరీ. తుంగచాపలు మన ఇళ్ళల్లో ప్లాస్టిక్ చాపలొచ్చాక పోయాయి, తమిళనాడులో తిరునల్వేలి దగ్గర పత్తమడైలో మాత్రం ఇప్పటికీ తామ్రపర్ణి ఒడ్డున పెరిగే కోరై గడ్డిని దారాల్లా చీల్చి నేస్తారు, బెంగాల్లో మేదినీపూర్ వైపు మాదుర్ చాపలూ ఇదే జాతితోనే. నాకు చాప నెయ్యడం రాదు, మా పెద్దమ్మకి వచ్చు, ఆవిడ మొక్క చూస్తేగానీ ఇదో కాదో చెప్పలేనంది. ఇది పాకే మొక్క, పెద్ద సిమెంటు గోలెం ఒకటి దానికోసం వేరుగా ఖాళీ చేసి పెట్టా, తొట్టిలోకి రానివ్వను.

ఎగ్జాల్టేటస్ పిలకలు ఎక్స్‌ట్రా ఉన్నాయి, రెండు బకెట్లు. మండపేట చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే కనుమ వెళ్ళాక వచ్చి పట్టుకెళ్ళొచ్చు, బకెట్లు మాత్రం వెనక్కి ఇవ్వాలి.